పోరు లేనప్పుడు వీరునికి పని ఏమి? - ఆటలలో పాత్రల సమతూకపు చరిత్ర

వానలు మొగము చాటు చేసిన ఏడు విరాటపర్వము చదివించు ఆచారము తెలుగు ఊళ్ళలో ఉండేది. వాన సంగతి ఎట్లున్నను, ఆ పర్వమును భౌతికశాస్త్రము చెప్పువాని కంటితో చూచినచో అందులో ఒక చిత్రమైన సమస్య కనిపించును. పన్నెండేండ్ల అరణ్యవాసము ముగిసినది. ఒక ఏడాది పాటు ఎవరి కంటను పడకుండ గడపవలెను. ఆయుధములు జమ్మిచెట్టు మీదికి ఎక్కినవి. అన్నదమ్ములు అయిదుగురును వీరులే. అయితే యుద్ధము చేయరాదన్న ఏటిలో వీరునికి పని ఏమి?

తిక్కన సోమయాజి భారతాంధ్రీకరణమునకు పూనుకొన్నప్పుడు మొదట చేపట్టినది ఈ పర్వమునే. అందులో ధర్మరాజు కంకుభట్టై విరాటరాజుకు సభలో తోడుగా ఉండి జూదమాడును. భీముడు వలలుడను పేరుతో వంటయింట చేరును. అర్జునుడు బృహన్నలయై ఉత్తరకు నాట్యము నేర్పును. నకులుడు గుఱ్ఱములను, సహదేవుడు ఆవులను చూచుకొందురు. ద్రౌపది సైరంధ్రియై రాణికి అలంకారము చేయును. ఆరుగురికి ఆరు పనులు. ఒకరి పని మరొకరు చేయలేరు, ఒకరు లేకున్న మరొకరితో ఆ లోటు తీరదు. వీరిలో ఎవ్వరును ఏడాది పొడవున గోడకు జేరగిలబడి తమ వంతు ఎప్పుడు వచ్చునా అని ఎదురుచూడలేదు.

గత యాబది ఏండ్లకు పైగా ఇదే చిక్కుతో కుస్తీ పట్టుచున్నవారు కొందరు ఉన్నారు. వారు కవులు కారు, ఆటలు తయారుచేయువారు. అమెరికాలో పుట్టి దేశదేశములకు వ్యాపించిన పాత్రధారణపు ఆటలు వారివి. ఆ ఆట తీరును క్లుప్తముగా చెప్పుదును. నలుగురైదుగురు ఒక బల్ల చుట్టు కూర్చొందురు. ఒకరు కథను నడుపువారు. మిగిలినవారు ఒక్కొక్కరు ఒక పాత్రను ధరింతురు. పాత్రకు ఒక వృత్తి ఉండును: వీరుడు, మంత్రగాడు, పురోహితుడు, దొంగ మొదలగునవి. "కోటగోడ ఎక్కుతాను" అని ఒకరు చెప్పుదురు. ఎక్కగలిగినారా లేదా అన్నది పాచిక తేల్చును. అక్కడినుండి కథ ముందుకు నడచును. బుఱ్ఱకథ చూచినవారికి ఇది సులువుగా బోధపడును. అందులోను కథకుడు ఒకడు, హాస్యము చెప్పు వంత ఒకడు, రాజకీయము చెప్పు వంత ఒకడు. భేదమేమనగా బుఱ్ఱకథలో ముగింపు ముందే తెలియును, ఇక్కడ ఎవరికిని తెలియదు. మరొక భేదమును ఉన్నది. బుఱ్ఱకథలో వంతకు తక్కువలో తక్కువ 'తందాన' అనుటకైనను పని ఉండును.

ఈ ఆటలలో కత్తి దూయు ఘట్టములలో వృత్తుల సమతూకము కొంత తేలికగానే కుదిరినది. దెబ్బ ఎంత, ప్రాణమెంత, కవచమెంత అని లెక్క వేయవచ్చును గదా. పోరు లేని ఘట్టములలోనే చిక్కు వచ్చినది. తాళము తీయుట, గ్రామాధికారిని ఒప్పించుట, పాడుబడిన శాసనము చదువుట, వరదలో ఏరు దాటుట వంటి పనులలో ఎవరి విలువ ఎంత?

ఇది నాకు పుస్తకములోని సమస్యగా తోచలేదు. ఒక సెలవు మధ్యాహ్నము ఆరుగురు విద్యార్థులను కూర్చోబెట్టి, సంభావ్యతా పాఠమునకు ఆసరాగా ఉండునని ఇటువంటి ఆట నడిపితిని. కథ మన సీమదే. వంశధారకు వరద వచ్చినది, పడవవానిని ఒప్పించి శ్రీముఖలింగము చేరి అక్కడి శాసనము చదువవలెను. వీరుని వృత్తి ఎంచుకొన్న కుఱ్ఱవాడు చురుకైనవాడే. కాని కథలో ఎక్కడను పోరు రాలేదు. బేరము ఒక అమ్మాయి ఆడినది, శాసనము మరొకడు చదివినాడు, వరదను మంత్రగత్తె మంత్రముతో దాటించినది. గంటన్నర సేపు వీరుడు చింతపిక్కలను వరుసగా పేర్చుచు కూర్చున్నాడు. చివరకు, "మాస్టారూ, నా పని వచ్చినప్పుడు లేపండి" అన్నాడు. అందరూ నవ్వినారు, నేనును నవ్వితిని. ఇంటికి వచ్చిన తరువాత ఆ మాట గుచ్చుకొన్నది. మన ప్రయోగశాలలలో జట్టుకు నలుగురు చొప్పున విభజించినప్పుడు, పరికరమును ఒక్కడే పట్టుకొని మిగిలిన ముగ్గురు అంకెలు ఎక్కించుకొను దృశ్యము ఉపాధ్యాయులకు క్రొత్తది కాదు.

ఆ కుఱ్ఱవాడు పేర్చిన చింతపిక్కలే నాకు పులిజూదమును గుర్తుకు తెచ్చినవి.

అరుగుల మీద సుద్దతో గీసి ఆడు ఈ ఆటను మేకాపులి అనియు అందురు. ఒక త్రిభుజము గీసి, శిఖరమునుండి భూమికి మొత్తము నాలుగు గీతలు దింపుదురు. వాటికి అడ్డముగా మూడు గీతలు గీయుదురు. ఆ అడ్డగీతలు త్రిభుజము దాటి ఇరువైపుల బయటికి వచ్చి, అక్కడ నిలువు గీతలతో కలియును. స్థానములను లెక్కించండి. శిఖరము 1. ఒక్కొక్క అడ్డగీత మీద 6, మూడింటి మీద 18. భూమి మీద 4. మొత్తము 23. పులులు 3, మేకలు 15 అన్నది ఎక్కువగా వినబడు లెక్క. ఊరినిబట్టి అది మారుచుండును. పులులకు గులకరాళ్ళు, మేకలకు చింతపిక్కలు చాలును. పులి పక్కనున్న మేక మీదుగా దుమికి ఆవలి ఖాళీలో దిగినచో ఆ మేక చచ్చినట్లే. మేక ఎవ్వరిని చంపలేదు. అది చేయగలిగినదల్లా ఒక చోట నిలుచుట, పక్కకు ఒక అడుగు జరుగుట.

అనగా ఇందులో ఒక పక్షము పోరాడు వృత్తి, రెండవ పక్షము పోరాటమే ఎరుగని వృత్తి. అయినను ఆట ఏకపక్షము కాదు. గట్టి ఆటగాని చేతిలో మేకలు పులులను కదలనీయకుండ కట్టివేయును. దీనికి మూలము చిన్న తీసివేత లెక్కలో ఉన్నది. ఒక్క మేకయు చావకుండ అన్నియు పటము మీదికి వచ్చినచో 18 స్థానములు నిండి 5 మాత్రమే ఖాళీగా ఉండును. పులికి ఊపిరి ఈ ఖాళీయే. దుముకుటకు ఆవల ఖాళీ లేకున్న దాని కోఱలు ఉండియు లేనట్లే. ఒక్కొక్క మేక చచ్చినకొలది ఖాళీ ఒకటి చొప్పున పెరుగును. అయిదు మేకలు పోయినచో ఖాళీలు 10 అగును, పులులు స్వేచ్ఛగా తిరుగును. కాబట్టి మేక బలము దాని ఒంటిలో లేదు, పటము మీది సాంద్రతలో ఉన్నది. మా పెద్దలు ఆడునప్పుడు "అంచు విడవకు" అని మేకలవానికి చెప్పుట విన్నాను. అంచు స్థానమున ఉన్న మేక మీదుగా దుమికిన పులికి దిగుటకు చోటు దొరకుట కష్టము. జ్యామితి చదువని నోటినుండి వచ్చిన జ్యామితి అది.

నేపాల దేశములో దీనికి జ్ఞాతి ఒకటి ఉన్నది. బాఘ్‌చాల్ అను ఆ ఆటలో 25 స్థానములు, 4 పులులు, 20 మేకలు. సాధారణముగా అయిదు మేకలను చంపినచో పులుల గెలుపు. లిమ్ యూ జిన్, యూర్గ్ నీవర్గెల్ట్ అను శాస్త్రజ్ఞులు 2004లో ఈ ఆటను కంప్యూటరుతో విశ్లేషించి వ్యాసము వ్రాసినారు. మేకలన్నియు దిగిన తరువాత ఏర్పడగల స్థితుల సంఖ్యను మన విద్యార్థులు కూడ కట్టవచ్చును. 25 చోట్లలో 4 పులులను 12,650 విధములుగా ఉంచవచ్చును. మిగిలిన 21 చోట్లలో 20, 19, 18, 17, 16 మేకలను ఉంచు విధములు వరుసగా 21, 210, 1,330, 5,985, 20,349, మొత్తము 27,895. ఈ రెండింటిని గుణించి, పటమును త్రిప్పినను అద్దములో చూచినను ఒకటే అగు స్థితుల కొఱకు ఎనిమిదిచే భాగించి, ఎత్తు ఎవరిదన్నదానికి రెండుచే గుణించినచో సుమారు 8 కోట్ల 82 లక్షలు వచ్చును. దీనికి మేకలు దిగుచున్న దశలోని స్థితులు అదనము. ఆ తరువాత అదే పరిశోధకులు ఫలితమును తేల్చినారు. ఇరుపక్షములు తప్పు చేయకుండ ఆడినచో గెలుపు ఎవరికిని లేదు, ఆట సమము. ఆ పులిమేకల తూకమును ఎవరు ఎన్నడు కుదిర్చినారో తెలియదు. తరతరముల ఆటగాళ్ళే లెక్క సరిచేయుచు వచ్చినారని ఊహింపవచ్చును. మన 23 స్థానముల ఆటమీద కూడ ఇటువంటి పని చేయుటకు కళాశాల విద్యార్థికి చాలినంత కంప్యూటరు బలము నేడు చేతిలోనే ఉన్నది.

పులిజూదములో ఒక సౌలభ్యమున్నది. ఆటగాళ్ళు ఇద్దరే, మేకలన్నియు ఒక్కని చేతిలోనివే. చచ్చిన మేకకు చిన్నతనము లేదు. ఒక్కొక్క మేకను ఒక్కొక్క మనిషి ధరించినచో పరిస్థితి వేరు. అక్కడికి రావలెనన్న కథ ఐరోపాకు పోవలెను.

ప్రష్యా దేశములో రైస్విట్జ్ అను తండ్రీకొడుకులు సైనికాధికారుల శిక్షణ కొఱకు యుద్ధపు ఆటను ఒకదానిని తయారుచేసినారు. తండ్రి 1812లో దానిని రాజుకు చూపినాడు. కొడుకు 1824లో సవరించిన నియమములను ప్రచురించినాడు. చదరంగపు గళ్ళు పోయి నిజమైన భూపటము వచ్చినది. దెబ్బల లెక్కకు పాచికలు వచ్చినవి. అన్నింటికంటె ముఖ్యముగా ఇరుపక్షములకు చెందని మధ్యస్థుడు ఒకడు వచ్చినాడు. నియమములలో లేని పని ఆటగాడు చేయబూనినప్పుడు ఏమగునో చెప్పు మనిషి ఆయన. 1876లో వెర్దీ దు వెర్నువా అను సేనాని పాచికలను, పట్టికలను పక్కకు నెట్టి మధ్యస్థుని తీర్పుకే పెద్దపీట వేసినాడు. ఈ ఆటలన్నియు పోరుకు సంబంధించినవే. కాని మధ్యస్థుడు ఉన్న చోట పోరు కాని పనికి తలుపు తెరచినట్లే.

ఆ తలుపు గుండా మొదట నడచినవారిలో డేవిడ్ వెస్లీ అను అమెరికా యువకుడు ఒకడు. 1969లో మినెసోటాలో ఆయన నెపోలియను కాలపు యుద్ధపు ఆట ఒకటి పెట్టినాడు. బ్రౌన్‌స్టైన్ అను కల్పిత పట్టణము చుట్టు రెండు సేనలు. వచ్చిన మిత్రులు ఎక్కువమంది, సేనానులు ఇద్దరే. మిగిలినవారు ఊరక కూర్చొనకుండ ఒకరికి పట్టణాధ్యక్షుని పాత్ర, ఒకరికి బ్యాంకు యజమాని పాత్ర, ఒకరికి విశ్వవిద్యాలయాధిపతి పాత్ర ఇచ్చి, ఎవరి కోరికలు వారికి ఏర్పరచినాడు. సేనలు పట్టణము చేరకముందే ఆటంతయు ఈ పౌరుల మంతనాలతో నిండిపోయినది. వెస్లీ తన ఆట చెడినదనుకొన్నాడు. ఆడినవారు మాత్రము మళ్ళీ పెట్టుమన్నారు. ఈ వంశములో మొదటి ఆటయే పోరు కాని పాత్రల వలన పండినదన్నమాట. తరువాతివారు దీనిని మరచినారు కాబట్టియే ఇంత వ్యాసము వ్రాయవలసి వచ్చుచున్నది.

ఆ బృందములోని డేవ్ ఆర్నెసన్ 1971లో బ్లాక్‌మూర్ అను కల్పిత సీమను సృష్టించి, మిత్రులను దానిలో తిప్పినాడు. విస్కాన్సిన్ రాష్ట్రములోని లేక్ జెనీవా వాసి గారీ గైగాక్స్ ఆయనతో కలిసి నియమములు కూర్చగా, 1974లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ వెలువడినది. ఒక పెట్టెలో మూడు చిన్న పుస్తకములు, వెల పది డాలర్లు, మొదటి ముద్రణ వేయి ప్రతులు. వృత్తులు మూడే: వీరుడు, మంత్రగాడు, పురోహితుడు.

ఈ మొదటి ఆటలో సమతూకము కొఱకు వాడిన ఉపాయములు గమనింపదగినవి. అనుభవపు లెక్కలో అధిక భాగము చంపిన శత్రువులనుండి కాక, తెచ్చిన ధనమునుండి వచ్చేది. పోరు లేకుండ యుక్తితో ధనము తెచ్చినవానికే లాభము. రెండవ మెట్టు ఎక్కుటకు పురోహితునికి 1,500, వీరునికి 2,000, మంత్రగానికి 2,500 అనుభవాంకములు కావలెను. అనగా బలమైన వృత్తికి నిచ్చెన మెట్లు ఎత్తు ఎక్కువ. వీరుడు చాల మెట్లు ఎక్కిన తరువాత కోట కట్టి, పరిజనమును చేర్చి, చుట్టుపట్ల శిస్తు వసూలు చేసుకొనవచ్చును. బొబ్బిలి, విజయనగరముల సంస్థానాల కథలు వినిన మనకు ఇది తేలికగా అర్థమగును. పోరు ముగిసినప్పుడు వీరునికి పని పరిపాలన. బొబ్బిలి అనగానే 1757 నాటి యుద్ధము ఒకటి, వీణ ఒకటి గుర్తుకు వచ్చుట కూడ ఇటువంటిదే అని నాకు అప్పుడప్పుడు తోచును. కాని ఆ మెట్టు చేరువరకు ఆడినవారు ఎందరు? చేరనివారికి ఆ ఏర్పాటు ఉన్నను లేనట్లే.

1975లో గ్రేహాక్ అను అనుబంధముతో నాలుగవ వృత్తి వచ్చినది. అది దొంగ. కాలిఫోర్నియాలోని ఆటగాళ్ళ బృందమొకటి కల్పించిన పాత్రను విని గైగాక్స్ దానిని చేర్చుకొన్నాడు. తాళము తీయుట, సద్దు లేకుండ నడచుట, నీడలో దాగుట దీని పనులు. పోరు బయట పనికి వచ్చుటకే పుట్టిన వృత్తి ఇది. అయితే దీనివలన ఎదురు దెబ్బ ఒకటి తగిలినది. అంతకుముందు వీరుడు చెప్పులు విప్పి మెల్లగా నడచెదనన్నచో మధ్యస్థుడు ఒప్పుకొనేవాడు. ఇప్పుడు అది దొంగ సొత్తు అయినది. ఒకరికి హక్కు వ్రాసి ఇచ్చినచో అది ఇతరులకు నిషేధముగా మారును.

పోనీ ఆ దొంగకైనను సుఖము దక్కినదా? మంత్రగానికి మొదటినుండియు తాళము తెరచు మంత్రము ఒకటి ఉన్నది. అది తప్పదు. 1978 నాటి నియమములలో మొదటి మెట్టు దొంగ తాళము తీయగల సంభావ్యత నూటికి 25. మంత్రగాడు ఆ మంత్రము నేర్చునాటికి దొంగ కొన్ని మెట్లు ఎక్కి ఉండును, లెక్క సులువు కొఱకు 25నే ఉంచుకొందము. నాలుగు తాళములు ఉన్నవనుకొనుడు. దొంగ సగటున ఒకటి తీయును. రోజుకు ఒక్కసారి మాత్రమే మంత్రము వేయగల మంత్రగాడు కూడ ఒకటి తీయును. సగటులు సమానము. ఆటను కూర్చినవాడు ఇక్కడ ఆగి తృప్తి పడవచ్చును. కాని దొంగ నాలుగింటిలో ఒక్కటియు తీయలేకపోవు సంభావ్యత 0.75ను నాలుగుసార్లు గుణించినచో వచ్చును, అది సుమారు 0.32. మూడింట ఒకసారి అతడు ఉత్త చేతులతో నిలబడును. మంత్రగానికి ఆ అవమానము లేదు. పైగా ఏ తాళము ముఖ్యమో చూచి దానిమీదనే మంత్రము వేయును. కావలసినప్పుడు తప్పక దొరకు ఒక్క గెలుపు, ఎప్పుడు వచ్చునో తెలియని ఒక్క గెలుపు సమానము కావు. సగటు పాఠమునకు ప్రక్కనే విచలనపు పాఠము ఎందుకు చెప్పవలెనో ఈ దొంగ చక్కగా చూపును.

మెట్లు పెరిగినకొలది భేదము ఇంకను పెరిగినది. వీరుడు మెట్టుకు ఇంత అని ఒకే తీరున పెరుగును. గ్రాఫు గీచినచో సరళరేఖ. మంత్రగానికి మంత్రముల సంఖ్యయు పెరుగును, ఒక్కొక్క మంత్రపు శక్తియు పెరుగును. రెండు పెరుగుదలల లబ్ధము కాబట్టి గ్రాఫు పరవలయము వలె పైకి వంగును. తొలి మెట్లలో రేఖ పైన, మలి మెట్లలో వక్రము పైన. మొదట అనుభవించిన దైన్యమునకు చివరి వైభవము చెల్లు అని రూపకర్తల ఉద్దేశము. జీవితమంతయు ఒకే ఆట ఆడువారికి అది న్యాయమే కావచ్చును. శనివారము సాయంత్రము మాత్రమే కూర్చొనువానికి ఆనాటి తూకమే తూకము.

వృత్తులనే తీసివేయవలెనను వాదము కూడ త్వరలోనే వచ్చినది. 1977లో ట్రావెలర్, 1978లో రూన్‌క్వెస్ట్ అను ఆటలు వృత్తి గోడలను సడలించి, ప్రతి పాత్రకు నైపుణ్యముల పట్టిక ఇచ్చినవి. డంజన్స్ అండ్ డ్రాగన్స్ కూడ 1985 ప్రాంతమున ఆయుధేతర నైపుణ్యములను చేర్చుకొన్నది. వీరుడు వడ్రంగము, ఈత, వంట వంటివి నేర్చుకొనవచ్చును. వలలుడు మళ్ళీ వంటయింట చేరినాడు.

ప్రచురణ హక్కులు చేతులు మారిన తరువాత 2000లో వచ్చిన మూడవ కూర్పు ఈ నైపుణ్యములకు అంకెలు కట్టినది. ఇరువది ముఖముల పాచిక వేసి, వచ్చిన అంకెకు నైపుణ్యపు అంకె కలిపి, నిర్ణీత సంఖ్యను అందుకొనవలెను. ఈ పాచిక సమ వింశతిఫలకము. ప్రతి ముఖము పడు సంభావ్యత నూటికి 5. మెట్టుకు దొంగకు 8 నైపుణ్యాంకములు, వీరునికి 2 మాత్రమే, బుద్ధి కొలది వచ్చు హెచ్చుతగ్గులు వేరు. అంకగణితము ఇక్కడ కఠినమైనది. పదవ మెట్టున దొంగ ఒక నైపుణ్యములో 13 వరకు చేర్చుకొనవచ్చును. అతనికి సగముసార్లు సాధ్యమగు పనిని తీసుకొందము. పాచికపై 11 లేక అంతకు మించి పడవలెను. అనగా లక్ష్యము 24. ఆ నైపుణ్యము లేని వీరునికి పాచికపై 20 పడినను చాలదు. ఒకనికి చెరిసగము, మరొకనికి సున్న. తరగతిలో ఒకే ప్రశ్నపత్రము అందరికి ఇచ్చి, సగటు తెలివిగల పిల్లవానికి సగము మార్కులు వచ్చునట్లు కూర్చినచో వెనుకబడినవానికి ఏమగునో అదే ఇక్కడను అయినది.

2008లో నాలుగవ కూర్పువారు ఈ అన్యాయమును కనిపెట్టి ఒక క్రొత్త ఏర్పాటు చేసినారు. పోరు కాని ఘట్టములలో కూడ అందరూ పాలుపంచుకొనవలెనని, వరుసగా ప్రయత్నములు చేయుడు, రెండు ఓటములకు ముందు నాలుగు గెలుపులు వచ్చినచో ఘట్టము నెగ్గినట్లు అన్నారు. ఉద్దేశము మంచిది. లెక్క చూచెదము. ప్రతి ప్రయత్నములో గెలుపు సంభావ్యత 0.7 గల నేర్పరి ఒక్కడే ఆడినచో, నాలుగును గెలుచుట 0.24, మొదటి నాలుగింటిలో ఒకటి ఓడి అయిదవది గెలుచుట 0.29, మొత్తము 0.53. నూటికి డెబ్బది గెలుచువానికి కూడ ఘట్టము నెగ్గు అవకాశము సగమునకు కొంచెమే ఎక్కువ! ఇక 0.7 నేర్పరియు, 0.3 నేర్పు గల వీరుడును వంతులవారీగా ఆడినచో అది 0.21కి పడిపోవును. కాబట్టి తెలివిగల జట్టు ఏమి చేయును? "నువ్వు ఊరుకో, మేము చూసుకుంటాం" అని వీరునితో అనును. అందరిని మాటాడించుటకు పెట్టిన నియమము అక్షరాలా ఒకని నోరు మూయించినది. ఆ కూర్పు వెలువడిన కొద్ది వారములలోనే ప్రచురణకర్తలు సంఖ్యలను సవరించి, ఓటముల హద్దును మూడుగా మార్చినారు. సంఖ్య మారినది కాని మూలదోషము పోలేదు. నేర్పు తక్కువవాడు చేయి వేసిన కొలది జట్టుకు నష్టమన్నది అట్లే ఉన్నది.

నా మట్టుకు నాకు ఈ చరిత్రలో అన్నింటికంటె విలువైన పుట ఈ విఫలమైన నియమమే. మన పాఠశాలలలోని జట్టుపనులలో అనేకము ఇదే అచ్చులో పోసినవి. ఒక్కని తప్పుకు అందరి మార్కులు తగ్గునని చెప్పినచో పిల్లలు కలిసి పనిచేయరు. తప్పు చేయగలవానిని పక్కన కూర్చోబెట్టుదురు. ఇది వారి దుర్బుద్ధి కాదు, లెక్క తెలిసిన నడవడి.

2014 నాటి అయిదవ కూర్పు ఆటకు అన్వేషణము, సంభాషణము, పోరు అను మూడు స్తంభములు ఉన్నవని పుస్తకపు మొదటిలోనే చెప్పినది. నేర్పరికి, నేర్పు లేనివానికి నడుమ అగాధము రాకుండ నేర్పుకు కలుపు అంకెను మొదటి మెట్టున 2తో ప్రారంభించి, చివరి మెట్టున సైతము 6కు మించకుండ కట్టుబాటు చేసినది. దానితోబాటు చిన్న నియమమొకటి ఉన్నది. జట్టంతయు కలిసి ఒక పని చేయునప్పుడు అందరూ పాచిక వేయుదురు, సగముమంది గెలిచినచో జట్టు గెలిచినట్లు. పైన చెప్పిన నేర్పరులు ఇద్దరు, నేర్పు లేనివారు ఇద్దరు ఉన్న జట్టును తీసుకొనుడు. నలుగురిలో ఇద్దరైనను గెలుచు సంభావ్యత 0.71. విద్యార్థులు ద్విపదసూత్రమును రెండు ముక్కలుగా వాడి దీనిని సరిచూచుకొనవచ్చును. నేర్పరులు ఇద్దరే పోయి, ఇద్దరును గెలిచి తీరవలెనన్నచో అది 0.49 మాత్రమే. ఇక్కడ వీరుడు చేయి వేయుట వలన నష్టము లేదు, అతడు అనుకోకుండ గెలిచినచో నేర్పరి తప్పు కూడ కప్పబడును. పులిజూదములో మేకకు వచ్చిన బలము వంటిదే ఇదియు.

ఇంతమాత్రముచేత అయిదవ కూర్పు సమస్యను తీర్చినదని అనలేము. తాళము తెరచు మంత్రము అందులోను ఉన్నది. తెరచుకొనునప్పుడు మూడువందల అడుగుల దూరము వినబడునట్లు పెద్ద చప్పుడగునని మాత్రము చేర్చినారు. దొంగకు కావలి వాండ్రు లేచు భయము లేదు. ఇది నాకు నచ్చినది. మంత్రపు బలము తగ్గింపలేదు, దానికి వెల కట్టినారు. విరాటపర్వములోను ఇట్టి వెల ఉన్నది గదా. భీముడు నర్తనశాలలో కీచకుని చంపగలడు, కాని ఆ చప్పుడు హస్తినాపురము దాకా వినబడినది. ఆ వార్త వినియే దుర్యోధనుడు పాండవులు విరాటుని కొలువులో ఉన్నారని ఊహించినాడు. అయితే కథకు, ఆటకు తేడాను మరువరాదు. ఆరుగురికి పని దొరికినదే కాని పాట్లు సమానము కావు. సైరంధ్రి పడినంత పాటు కంకుభట్టు పడలేదు. కథలో అది కావ్యమునకు బలము. బల్ల చుట్టు కూర్చున్న పిల్లలలో ఒకరికే ఆ వంతు ఎప్పుడును వచ్చినచో లేచిపోవుదురు.

మరుసటి సెలవున అదే ఆరుగురిని మళ్ళీ కూర్చోబెట్టితిని. ఈ సారి రెండు మార్పులు చేసినాను. జట్టు పనులకు సగముమంది నియమము పెట్టితిని. ప్రతి పాత్రకు పోరుతో సంబంధము లేని ఒక పని ఇచ్చితిని, ఒకరు ఎంచుకొన్నది మరొకరు ఎంచుకొనరాదు. మన వీరుడు ఆలోచించకుండ వంట కోరుకొన్నాడు. ఎందుకనగా, "భీముడు చేశాడు కదండీ" అన్నాడు. కథలో పడవవాని ఇంట పెండ్లి తటస్థించినది, వంటవాడు రాలేదు. వీరుడు గరిటె పట్టినాడు. పాచికపై 17 పడినది. పులుసు కుదిరినది, పడవ దొరికినది. ఏరు దాటునప్పుడు అందరు కలిసి తెడ్లు వేయవలసి వచ్చినది, ఆరుగురిలో ముగ్గురు గెలిచినారు, అందులో అతడు ఒకడు.

ఆట ముగిసిన తరువాత పలకలు సర్దుచుండగా మంత్రగత్తె పాత్ర వేసిన అమ్మాయి నా దగ్గరకు వచ్చినది. ఈ సారి తన మంత్రములకు అవసరమే పడలేదనియు, వచ్చే ఆటలో తనకేమి పని ఉండునో ముందే చెప్పవలెననియు అడిగినది.